మెకంజీల పెళ్ళికి కిల్ట్ కట్టుకోవచ్చా?

తమ్ముడూ, నువ్వు స్కాట్లాండ్‌లోని ఇన్వర్‌నెస్ వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు, అప్పుడే ఆఫీసు స్నేహితుడు తన పెళ్ళికి కిల్ట్, అదే ఇక్కడి మగవాళ్ళు మోకాళ్ళ దాకా కట్టే గళ్ళ బట్ట, కట్టుకుని రమ్మన్నాడంటే నాకు చాలా సంతోషంగా ఉంది. అతని ఇంటిపేరు మెకంజీ కదా. "వాళ్ళ వంశపు గళ్ళ బట్ట, ఆ టార్టన్, నేను వేసుకుంటే తప్పు పడతారేమో, క్లాన్ అంటే మన కులం లాంటిదేనా" అని రాశావు. నేనిక్కడికి వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. మొదట్లో నాకూ ఇదే టెన్షన్ ఉండేది.

నిశ్చింతగా కట్టుకో. ఎవరు ఏ టార్టన్ వేసుకోవాలో చెప్పే చట్టమేమీ లేదు. బాల్మోరల్ టార్టన్ మాత్రం రాజకుటుంబానిదిగా ఉంచారు, అది అద్దె షాపులో నీకు కనిపించదు కూడా. అయితే ఆ బట్ట వెనక కథ తెలుసుకుని కట్టుకుంటే నీకూ బాగుంటుంది, నిన్ను పిలిచినవాళ్ళకూ బాగుంటుంది.

క్లాన్‌ను కులంతో పోల్చకు. ఇక్కడి పాత భాష గేలిక్‌లో ఆ మాటకు పిల్లలు, సంతానం అని అర్థం. మెకంజీ అంటే కెనెత్ కొడుకు. పడమటి తీరంలోని కింటైల్ వీళ్ళ తొలి సీమ, తర్వాత తూర్పున రాస్ ప్రాంతమంతా విస్తరించారు. 1610లో లూయిస్ దీవి కూడా వీళ్ళ చేతికొచ్చింది. నాయకుడి నేల దున్నుకుని, అతని అండలో బతికిన వాళ్ళు కూడా అతని పేరే పెట్టుకునేవారు. అందుకే మెకంజీలందరిదీ ఒకే రక్తం కాదు. మనలో దీనికి దగ్గరగా ఉండేది ఇంటిపేరే, అది కూడా కొంతవరకే. ఇద్దరు మెకంజీలు పెళ్ళి చేసుకుంటే ఇక్కడ ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఒక ఆదివారం కలోడెన్ వెళ్ళు. ఊరికి ఎనిమిది కిలోమీటర్లే. 1746 ఏప్రిల్ 16న తన వంశం పోగొట్టుకున్న బ్రిటన్ సింహాసనం కోసం తిరగబడ్డ ప్రిన్స్ చార్లెస్ స్టువర్ట్ సైన్యం ప్రభుత్వ సైన్యం చేతిలో ఓడిపోయింది అక్కడే. పచ్చిక దిబ్బల పక్కన క్లాన్‌ల పేర్లు చెక్కిన రాళ్ళుంటాయి. ఒక రాయి మీద ఉత్త "మిశ్రమ క్లాన్‌లు" అని ఉంటుంది, ఎవరిది ఏ ఇంటిపేరో తెలియక కలిపి పూడ్చినవాళ్ళన్నమాట. నేను ఎన్నిసార్లు వెళ్ళినా అక్కడ కాసేపు ఆగకుండా రాలేను. మెకంజీలు ఆ యుద్ధంలో రెండుగా చీలిపోయారు. క్లాన్ పెద్ద ప్రభుత్వం వైపే నిలిచాడు. ఆ వంశంలోని క్రోమార్టీ ప్రభువు మాత్రం తిరుగుబాటులో చేరి, కలోడెన్‌కు సరిగ్గా ఒకరోజు ముందు డన్‌రాబిన్ కోటలో పట్టుబడ్డాడు. మరణశిక్ష పడి, ప్రాణం దక్కించుకున్నాడు గానీ భూములు పోయాయి.

ఆ ఓటమి తర్వాత వచ్చిందే దుస్తుల నిషేధ చట్టం. 1747 ఆగస్టు నుంచి స్కాట్లాండ్‌లో మగవాళ్ళు, మగపిల్లలు కిల్ట్ కడితే ఆరు నెలల జైలు. రెండోసారి దొరికితే ఏడేళ్ళ శిక్షకు సముద్రం దాటించేవారు. 1782 దాకా, అంటే ముప్పై అయిదేళ్ళు, ఒక తరం పిల్లలు తాతల బట్ట కట్టకుండానే పెద్దవాళ్ళయ్యారు. సైన్యంలో చేరినవాళ్ళకు మాత్రం మినహాయింపు.

ఇప్పుడు మనం చూసే మెకంజీ టార్టన్ ఆ సైన్యం దారిలో వచ్చినదే. బ్లాక్ వాచ్ అనే ప్రభుత్వ టార్టన్‌లో ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు గళ్ళుంటాయి. వాటి మీద తెలుపు, ఎరుపు గీతలు వేసి మెకంజీల రెజిమెంట్లు తొడుక్కున్నాయి. క్రోమార్టీ ప్రభువు కొడుకు 1777లో పెట్టిన రెజిమెంట్ 1780లో మద్రాసులో దిగి హైదర్ అలీ మీద యుద్ధానికి వెళ్ళింది. తండ్రి రాజు మీద తిరగబడ్డాడు, కొడుకు ఆ రాజు మనవడి కోసం సిపాయిలను పోగుచేశాడు. దీన్ని ద్రోహమనడానికి నాకు నోరు రాదు. పోయిన భూములను, పరువును మళ్ళీ సంపాదించుకోవడానికి అతనికి కనిపించిన దారి అది.

ఒక్కో క్లాన్‌కు ఒక్కో టార్టన్ అనే లెక్క మాత్రం ఆ తర్వాతే స్థిరపడింది. 1815లో లండన్ హైలాండ్ సొసైటీ, మీ మీ టార్టన్‌ల నమూనాలు పంపమని క్లాన్ పెద్దలను అడిగింది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు అందరూ హడావిడిగా నేయించుకున్నారు. "అయితే ఇదంతా కల్పనే కదా" అని పెళ్ళిలో అనేవు సుమా! రెండువందల ఏళ్ళుగా ఆ గీతల్లో పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ఆ గీతల్లోనే యుద్ధాల్లో చనిపోయారు. నా మటుకు నాకు ఆ బంధం నిజమైనదే.

ఇక షాపు సంగతి. ముందు పెళ్ళికొడుకును అడుగు. అతని అన్నదమ్ములంతా మెకంజీ టార్టనే కడుతుంటే నువ్వు బ్లాక్ వాచ్ తీసుకో, అది ఎవరైనా కట్టేదే. షాపులో ఏన్షియంట్, మోడర్న్ అంటారు. అది బట్ట వయసు కాదు, రంగు ఛాయ. ఏన్షియంట్ అంటే వెలిసినట్టు లేతగా, మోడర్న్ అంటే ముదురుగా. పడుగులో రంగుల వరుస ఎలా ఉంటుందో పేకలోనూ అలాగే ఉంటుంది, అందుకే గడి అంత పొందికగా కుదురుతుంది. మంచి కిల్ట్‌కు ఎనిమిది గజాల ఉన్ని బట్ట పడుతుంది. మన చీరకు కుచ్చిళ్ళు ముందు పెడతాం, దీనికి వెనక వస్తాయి. ముందు భాగం చదునుగా ఉండి, అంచు నీ కుడి పక్కకు రావాలి. కొలత జీన్స్ నడుము దగ్గర ఇవ్వకు, బొడ్డు దగ్గర ఇవ్వు. కింది అంచు మోకాలి చిప్ప మధ్యకు రావాలి. పిన్ను పై పొరకే గుచ్చాలి, రెండు పొరలకూ గుచ్చితే బట్ట లాగేస్తుంది.

మేజోడులో పెట్టుకునే చిన్న కత్తి ఒకటిస్తారు, స్కీన్ డూ అంటారు. మావారు లండన్‌లో ఒక పెళ్ళికి వెళ్తూ దాన్ని చేతిసంచీలో పెట్టుకున్నారు, విమానాశ్రయంలో తీసేసుకున్నారు. అది ఆయనకు స్నేహితుడు ఇచ్చినది, ఇప్పటికీ బాధపడతారు. విమానంలో వెళ్తే చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టు.

ఇంకొక్కటి చెప్పాలి. లూయిస్ దీవిలో స్టోర్నోవే అనే ఊరుంది. 1754 ప్రాంతంలో అక్కడ పుట్టిన కాలిన్ మెకంజీ 1783లో మద్రాసు వచ్చాడు, తర్వాత భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. అమరావతి స్తూపం శిల్పాలకు బొమ్మలు గీయించాడు. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే అన్నదమ్ములు ఆయన దగ్గర పనిచేశారు. ఊరూరా తిరిగి కరణాల దగ్గర, పెద్దల దగ్గర రాయించిన ఊళ్ళ చరిత్రలు, అంటే కైఫీయతులు, ఆ శ్రమ ఫలితమే. మాది కడప జిల్లా. మా ఊరి చెరువు ఎవరు తవ్వించారో నేను కైఫీయతులోనే చదివాను. చదివిన రోజు కళ్ళు చెమర్చాయి. ఏలికల కోసం చేసిన పనే, కానీ మన ఊళ్ళ జ్ఞాపకం అందులో నిలిచింది, రాసిన చేతులు మనవాళ్ళవి.

పెళ్ళిలో పెద్దవాళ్ళ పక్కన కూర్చున్నప్పుడు, మీ వాళ్ళది ఏ ఊరని అడుగు. స్టోర్నోవే అంటే వాళ్ళకు బొర్రయ్య గురించి చెప్పు.