రుసుము పంచే ముందు పని పంచు

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రాంతీయ ప్రణాళికా సంస్థకూ, దాని పరిధిలోని పట్టణ, గ్రామ పాలక సంస్థలకూ మధ్య భూవినియోగ బాధ్యతలనూ వాటి మీద వచ్చే రుసుములనూ పంచే ఒప్పందం రాసే పని నీకు అప్పగించారనీ, మొదటి సమావేశంలోనే నూటికి ఇంత అని వాటాలు తేల్చమని అందరూ పట్టుబట్టారనీ రాశావు. వాటాల మాట ఇప్పుడే ఎత్తనివ్వవద్దు. ఏ పని ఎవరిదో తేలకముందే డబ్బు తేల్చిన ఒప్పందం మీద నేనూ ఒకసారి సంతకం చేశాను. రుసుములో సగం పైసంస్థ ఖాతాకు వెళ్లేది. క్షేత్ర తనిఖీ, ఇరుగుపొరుగుల ఫిర్యాదులు, కాలువల మరమ్మతు మాత్రం పూర్తిగా కిందివాళ్ల నెత్తిన పడేవి. రెండేళ్లు తిరగకముందే వాళ్లు తనిఖీలు మానేశారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

పని పంచడానికి నాకు తెలిసిన కొలమానం ఒక్కటే: నిర్ణయం తప్పయితే దాని నష్టం ఎంత దూరం పాకుతుంది? వాననీటి పారుదల, తాగునీటి వనరుల పరీవాహక ప్రాంతాలు, ప్రధాన రహదారులు, చెత్త పారబోసే స్థలాలు, పెద్ద గిడ్డంగుల సముదాయాలు ఏ ఒక్క ఊరి పొలిమేరలోనూ ఆగవు కనుక అవి ప్రాంతీయ సంస్థ చేతిలో ఉండాలి. ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీ, వీధిలో దుకాణానికి అనుమతి, చిన్న స్థలాల విభజన వంటివి ఆ వీధిని రోజూ చూసేవాళ్లకే వదిలేయాలి. చిక్కంతా మధ్యలో వస్తుంది. పట్టణపు అంచున పెద్ద లేఅవుట్ వస్తే అనుమతి ఒక ఊరిది, వాహనాల రద్దీ పక్క ఊరిది. అలాంటి చోట భద్రత పేరుతో రెండు సంతకాలు పెట్టిస్తారు; అప్పుడు దరఖాస్తుదారు రెండు కార్యాలయాల మధ్య తిరుగుతూ ఉంటాడు, ఇద్దరిలో ఎవరూ బాధ్యత వహించరు. నిర్ణయం ఒకరిదే కావాలి, రెండోవారిది గడువులోగా ఇవ్వవలసిన రాతపూర్వక అభిప్రాయం కావాలి. గడువు దాటితే అభ్యంతరం లేనట్టే భావించాలని రాయి. కానీ వరదనీరు నిలిచే నేలలకు మాత్రం ఆ మినహాయింపు ఇవ్వకు. అక్కడ మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం ప్రమాదం.

ఇక అధికారం సంగతి. రుసుము వసూలు చేసే అధికారం ఒప్పందంతో పుట్టదు, చట్టంతోనే పుడుతుంది. అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ వసూలు చేసిన అభివృద్ధి రుసుముకు చట్టంలో స్పష్టమైన ఆధారం లేదని భారత సుప్రీంకోర్టు 1992లో దాన్ని చెల్లదన్నది. ప్రణాళిక వేసే అధికారం ఉంది కాబట్టి రుసుము అధికారం అందులోనే ఇమిడి ఉందనే వాదన నిలవలేదు. పురపాలక సంస్థలకు రాజ్యాంగంలో చోటు ఇచ్చిన, అదే సంవత్సరపు 74వ రాజ్యాంగ సవరణ కూడా ఇలాంటి పాఠమే చెబుతుంది. ఆ సంస్థలకు అప్పగించదగిన పనుల జాబితా అయిన పన్నెండో షెడ్యూల్‌లోని 18 అంశాల్లో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూవినియోగ నియంత్రణ. అయినా ఆ అధికారాలను పురపాలక సంస్థలకు ఇవ్వడం రాష్ట్ర శాసనసభ ఇష్టానికే వదిలేశారు. కనుక నీ ముసాయిదాలో ప్రతి బాధ్యతకు ఎదురుగా దానికి ఆధారమైన చట్టపు సెక్షన్ సంఖ్య ఉండాలి. సంఖ్య దొరకని చోట సంతకాలకు తొందరపడకుండా చట్ట సవరణ కోరాలి.

రుసుములను రెండు మూటలుగా విడదీయి. దరఖాస్తును పరిశీలించినందుకు తీసుకునేది ఒకటి. దాన్ని ఫైలు చూసినవారికే, చూసిన శ్రమకు తగినంతగా ఇవ్వాలి. అనుమతి ఇచ్చినా నిరాకరించినా అదే మొత్తం ఉండాలి, లేకపోతే ‘సరే’ అనడమే లాభమయ్యే కార్యాలయం తయారవుతుంది. రెండోది రోడ్లు, నీళ్లు, పారుదల కోసం తీసుకునే అభివృద్ధి రుసుము. అది ఆ పనులు నిజంగా చేయబోయేవారికి, విడి ఖాతాలో, చేరాలి. దాని పరిమాణానికి లెక్క ఉండాలి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఎల్ డొరాడో కౌంటీ (మన జిల్లా వంటి పాలనా విభాగం) ఒక చిన్న ఇంటికి 23,420 డాలర్ల రోడ్ల రుసుము విధించింది; ఆ ఇంటివల్ల పెరిగే రాకపోకలను విడిగా లెక్కించలేదు, ముందే వేసి ఉంచిన పట్టికను అన్వయించింది. చట్టసభ ఆమోదించిన పట్టిక అన్నంత మాత్రాన నిర్మాణ ప్రభావానికీ రుసుముకూ పొంతన చూసే పరీక్షనుంచి అది తప్పించుకోలేదని అమెరికా సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. ఆ మొత్తం ఎక్కువా కాదా అన్నది మాత్రం తాను తేల్చలేదు. కాలిఫోర్నియా రాష్ట్ర చట్టంలోనే ఇంకో మంచి నిబంధన ఉంది: ఖర్చుకాని రుసుము ఇంకా ఎందుకు అవసరమో ఐదేళ్లకోసారి కారణాలతో చెప్పాలి, చెప్పలేకపోతే తిరిగి ఇవ్వాలి. దాన్ని మొహమాటం లేకుండా అరువు తెచ్చుకో.

ఇన్ని చేసినా ఊళ్ల మధ్య పోటీ మిగులుతుంది. పన్ను ఆదాయం కోసం పెద్ద వాణిజ్య సముదాయం తమ పరిధిలోకే రావాలని ప్రతి పాలకవర్గమూ కోరుకుంటుంది, అందుకోసం ప్రణాళికను వంచుతుంది. అమెరికాలోని మినెసోటా రాష్ట్రం 1971లో చేసిన చట్టం దీన్ని మూలంలోనే పట్టుకుంది: మినియాపొలిస్, సెయింట్ పాల్ చుట్టూ ఉన్న ఏడు కౌంటీలలో వాణిజ్య, పారిశ్రామిక పన్ను ఆధారం (పన్ను వేయదగిన ఆస్తుల విలువ) పెరిగిన మేరలో 40 శాతాన్ని ఒకచోట చేర్చి, జనాభానూ ఆర్థిక స్తోమతనూ బట్టి అన్ని స్థానిక సంస్థలకూ పంచుతుంది. నీ పరిధిలో అంత దూరం వెళ్లలేకపోవచ్చు. పెద్ద నిర్మాణాల అభివృద్ధి రుసుములోనైనా కొంత భాగాన్ని రద్దీ మోసే పొరుగు ఊళ్లకు కేటాయించే వాక్యం ఒకటి చేర్చు. ధనిక పట్టణాలు గొణుగుతాయి, గొణగనివ్వు.

పెండింగ్ ఫైళ్లను పాత నిబంధనల కిందే ముగించాలి, భూవినియోగ పటాల అసలు ప్రతి ఒక్కచోటే ఉండాలి. చివరగా ఎవరూ అడగని ఒక్క సంగతి: నిరాకరించిన దరఖాస్తుదారు రెండు సంస్థల మీదా దావా వేస్తే న్యాయవాది ఖర్చు ఎవరు భరించాలి? నిర్ణయం ఎవరిదో వారే భరించాలని రాసి, ముసాయిదా నాకు పంపు. ఆ వాక్యం మీద వచ్చే గొడవను బట్టి, పని పంపకం నిజంగా తేలిందో లేదో నీకే తెలుస్తుంది.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి