తమ్ముడి చేతికి బరువు ఇచ్చే ముందు

ప్రశ్న: నా వయసు 23 సంవత్సరాలు. విజయనగరంలో ఉద్యోగం చేస్తూ రెండేళ్లుగా జిమ్‌కు వెళుతున్నాను. మా తమ్ముడికి 14 ఏళ్లు నిండాయి, తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. తనను కూడా జిమ్‌కు తీసుకువెళ్లమని కొన్ని నెలలుగా పట్టుబడుతున్నాడు. నేను ఇంట్లో లేని సమయంలో నా డంబెల్స్ ఎత్తుతున్నాడని ఈమధ్యే తెలిసింది. చిన్నతనంలో బరువులు ఎత్తితే పొడవు పెరగడని మా నాయనమ్మ, గుండెకు మంచిది కాదని నాన్నగారు అంటున్నారు. వాడేమో ప్రొటీన్ పౌడరు కూడా కొనిపెట్టమంటున్నాడు. నేను వాడిని ఆపాలా, నేర్పాలా? నేర్పాలంటే దేనితో మొదలుపెట్టాలి?
– ఒక అన్నయ్య, విజయనగరం

జవాబు: నేర్పండి. మీ తమ్ముడు మీ కంటపడకుండా ఇప్పటికే ఎత్తుతున్నాడు కాబట్టి, మీరు వద్దన్నంత మాత్రాన అతను మానడు, మీరు లేని సమయం కోసం ఎదురుచూస్తాడు. ఈ వయసు పిల్లలకు బరువు కన్నా పక్కన చూసేవారు లేకపోవడమే ఎక్కువ ప్రమాదం. అందుచేత ఈ రోజే చేయవలసిన పని ఒకటి ఉంది. ఆ డంబెల్స్‌ను తాళం వేసిన చోట పెట్టి, 'నేను పక్కన ఉన్నప్పుడే తీద్దాం, వారానికి మూడు రోజులు తప్పకుండా సాధన చేద్దాం' అని అతనికి మాట ఇవ్వండి. ఆ మాట మీరు నిలబెట్టుకుంటే అతనికి దొంగచాటుగా ఎత్తవలసిన అవసరం ఉండదు.

మీ నాయనమ్మగారి భయాన్ని తేలికగా కొట్టిపారేయవద్దు, దానికి ఒక మూలం ఉంది. ఎదిగే పిల్లల పొడవాటి ఎముకల చివర్లలో మెత్తటి మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. మగపిల్లల్లో ఆ పొర చాలావరకు 16, 17 ఏళ్ల ప్రాంతంలో గట్టిపడి మూసుకుపోతుంది, ఆడపిల్లల్లో అంతకన్నా ఒకటి రెండేళ్లు ముందే మూసుకుంటుంది. ఈలోగా ఆ చోట తీవ్రమైన గాయమైతే ఆ ఎముక ఎదుగుదల దెబ్బతినవచ్చన్నది నిజమే. అయితే పెద్దల పర్యవేక్షణలో, సరైన పద్ధతిలో, తగిన బరువుతో చేసే వ్యాయామం ఆ పొరను దెబ్బతీయదని, పొడవును తగ్గించదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2020లో విడుదల చేసిన నివేదికలో స్పష్టంగా చెప్పింది. గోడ మీది నుంచి దూకిన పిల్లవాడి కాళ్ల ఎముకల మీద పడే తాకిడి, చేతిలోని 3 కిలోల డంబెల్ కలిగించే ఒత్తిడి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 12 ఏళ్ల వయసులో కోచ్ దగ్గర శిక్షణ మొదలుపెట్టి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారని మీ నాయనమ్మగారికి చెప్పండి. కోచ్ కనుసన్నల్లో సాగిన శిక్షణ అది అన్న సంగతిని మాత్రం మీ తమ్ముడికి చెప్పండి.

ఎదుగుదలను నిజంగా ఆపగలిగేది ఇంకొకటి ఉంది. కండలు త్వరగా వస్తాయని కొందరు చాటుగా అమ్మే స్టెరాయిడ్లు ఆ మృదులాస్థి పొరను కాలం తీరకముందే మూసివేస్తాయి. జిమ్‌కు వెళ్లే ఏ కుర్రవాడికైనా ఎవరో ఒకరు ఆ మాట ఎత్తే రోజు రావచ్చు. అది మీ నోటి నుంచి ముందుగా హెచ్చరికగా వినడం మంచిది.

నాన్నగారి సందేహానికి జవాబు వైద్యుని దగ్గర ఉంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడి గుండెకు ఈ వ్యాయామం హాని చేయదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు వారానికి కనీసం మూడు రోజులు కండరాలను, ఎముకలను బలపరిచే శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కానీ పరుగెత్తుతుండగా ఎప్పుడైనా స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో గుండె జబ్బుతో హఠాత్తుగా చనిపోయినా, పిల్లవాడికి రక్తపోటు, మూర్ఛ, పుట్టుకతో వచ్చిన గుండె సమస్య వంటివి ఉన్నా, వైద్యుడు పరీక్షించి అనుమతించే వరకు ఏ బరువూ ఎత్తించవద్దు. ఇవేవీ లేకపోయినా ఒకసారి చూపించి వస్తే మీ నాన్నగారి మనసు కుదుటపడుతుంది. ఆయన సమ్మతి లేకుండా తమ్ముణ్ణి జిమ్ గుమ్మం ఎక్కించవద్దు.

ఇక మొదలుపెట్టడం గురించి. ప్రసిద్ధ మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడుగారు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు మీది. మన తాలింఖానాల్లో, అంటే పాతకాలపు వ్యాయామశాలల్లో, గద, సంగిడి, కర్లాకట్టలు వంటి బరువు సాధనాలు ఎన్ని ఉన్నా, వాటన్నింటికీ పునాది దండాలు (పుషప్‌లు), బస్కీలే (స్క్వాట్‌లు). అదే క్రమం మీ తమ్ముడికీ సరిపోతుంది. మొదటి నాలుగు వారాలు అతని శరీర బరువే బరువు. కుర్చీ ముందు నిలబెట్టి, అందులో కూర్చోబోతున్నట్టుగా పిరుదులను వెనక్కి పంపి, కుర్చీని తాకీ తాకగానే లేవమనండి. మోకాళ్లు లోపలికి ఒరిగిపోకుండా కాలి వేళ్ల దిశలోనే వంగుతున్నాయా, మడమలు నేలకు ఆని ఉన్నాయా అన్నవి ముందు నుంచీ పక్క నుంచీ చూడండి. దండాలు నేల మీద రాకపోతే గోడకు చేతులు ఆనించి, తరువాత మంచం అంచు మీద, ఆ తరువాత నేల మీద చేయించండి. నడుము వేలాడిపోయే పది దండాల కన్నా, తల నుంచి మడమ దాకా కర్రలా నిటారుగా ఉండే నాలుగు దండాలు మేలు.

అన్నింటికన్నా ఓపికగా నేర్పవలసింది వంగి ఎత్తడం. ఒక పొడవాటి కర్రను అతని వీపు వెనుక నిలువుగా పట్టుకోమనండి. అది తల వెనుక భాగాన్ని, రెండు రెక్కల మధ్య భాగాన్ని, నడుము కింద తోకఎముకను తాకుతూ ఉండాలి. మోకాళ్లను కొద్దిగా సడలించి, ఆ మూడు చోట్లా కర్ర వదిలిపోకుండా తుంటి దగ్గర మాత్రమే వంగమనండి. మొదటి రోజు దాదాపు అందరికీ కర్ర నడుము దగ్గర వదిలిపోతుంది. పది రోజులు విసుగు లేకుండా ఇదే చేయిస్తే, వెన్నును గుండ్రంగా వంచకుండా బరువు ఎత్తడం అతనికి అలవాటుగా మారుతుంది. జిమ్‌లోనే కాదు, రేపు గ్యాస్ సిలిండరు జరపవలసి వచ్చినా అదే అతని నడుమును కాపాడుతుంది.

ఇవి కుదిరాకే బరువు. 5 కిలోల బియ్యం సంచిని గుండెలకు హత్తుకొని బస్కీలు తీయడం, పుస్తకాలు నింపిన బడి సంచిని వంగి పొట్ట వైపుకు లాగడం, రెండు చేతుల్లో రెండు సమానమైన సంచులు పట్టుకొని నిటారుగా నడవడం వంటివాటితో ఇంకో నెల గడపవచ్చు. ఒక్కో వ్యాయామాన్ని 8 నుంచి 15 సార్లు, ఒకటి రెండు విడతలు చేయించండి. ఇంకా రెండు మూడు సార్లు చేయగలడు అనిపించే చోటే ఆపించండి. వరుసగా 15 సార్లు శుభ్రంగా చేయగలిగినప్పుడు మాత్రమే బరువును అయిదు నుంచి పది శాతం పెంచండి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకుండా బయటికి వదలమనండి. రోజు విడిచి రోజు చొప్పున వారానికి మూడు రోజులు, ఒక్కోసారి ముప్పావుగంట, అందులో మొదటి పది నిమిషాలు ఒంటిని వేడెక్కించడానికి. అంతకు మించి అక్కరలేదు. మీ ప్రాంతపు ఎండల్లో ఉదయం ఏడు లోపే ముగించి, మధ్యమధ్య నీళ్లు తాగించండి.

ఈ వయసులో ఒక చిక్కు ఉంది, చాలామంది దీన్ని గమనించరు. పిల్లలు ఒక్కసారిగా పొడవు సాగే నెలల్లో ఎముకలు ముందు పెరిగి, కండరాలు వెనుకబడతాయి. జూన్‌లో చక్కగా బస్కీలు తీసిన పిల్లవాడు అక్టోబరులో తూలుతాడు, మడమలు లేస్తాయి, మోకాలి చిప్ప కింద నొప్పి అంటాడు. అది బద్ధకం కాదు. బరువు తగ్గించి, మళ్లీ మొదటి పాఠానికి వెళ్లండి. ఆ నెలల్లో మందలింపు మాత్రం వద్దు.

ఇప్పుడు మీ గురించి ఒక మాట. నేను పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో, పదో తరగతి పిల్లవాడు ఒకడు అన్నయ్య స్నేహితుల ముందు చిన్నబోకూడదని తన బరువుకు మించిన ఇనుప రాడ్డును వీపు వంచి ఎత్తాడు. మూడు వారాలు తరగతిలో బెంచీ మీద కూర్చోలేకపోయాడు. ఆ ఉదయం నేను అక్కడే ఉన్నాను, పిల్లల సరదా అనుకొని ఊరుకున్నాను. అది నా తప్పు, ఈనాటికీ మరచిపోలేదు. తమ్ముడు మీ మాటల కన్నా మీ చేతలను ఎక్కువగా చూస్తాడు. మీరు రాడ్డును కుదిపి కుదిపి ఎత్తి దబ్బున పడేస్తే అతనూ అదే నేర్చుకుంటాడు. అతని ఎదుట మీ గరిష్ఠ బరువును ప్రయత్నించవద్దు, అతని చేత అసలే చేయించవద్దు. బల్ల మీద పడుకొని ఎత్తే బెంచ్ ప్రెస్‌ను, తల వద్ద నిలబడి అందుకునే మనిషి లేకుండా ఎవరూ చేయకూడదు, మీతో సహా. అతను ఎంత ఎత్తాడన్నది ఇంట్లో లెక్కగా చెప్పకండి, ఎంత చక్కగా ఎత్తాడన్నది చెప్పండి.

మరుసటి రోజు తొడల్లో, భుజాల్లో కండరాలు పట్టేసినట్టు ఉండడం సహజం, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. కీలు దగ్గర పొడిచినట్టు నొప్పి, వాపు, వారమైనా తగ్గని నడుము నొప్పి, చేతుల్లో తిమ్మిరి ఉంటే ఆపి వైద్యునికి చూపించండి. విపరీతమైన కండరాల నొప్పితో పాటు మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే అది కండరం చితికి మూత్రపిండాల మీద భారం పడుతోందనడానికి సూచన, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ప్రొటీన్ పౌడరు కొనవద్దు. 13 నుంచి 15 ఏళ్ల మగపిల్లలకు రోజుకు సుమారు 45 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించింది. కండల కోసం ఇలాంటి పౌడర్లు వాడవద్దని అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించింది. రెండు కోడిగుడ్లలో 12 గ్రాములు, అర లీటరు పాలలో 16, గుప్పెడు వేరుశెనగల్లో 7, పప్పుకు వాడే 50 గ్రాముల కందిపప్పులో 11 గ్రాములు ఉంటాయి. వీటితోనే లెక్క సరిపోతుంది, అన్నంలోనిది దానికి అదనం. వ్యాయామం చేసిన రోజున అతను ఉదయం ఏమీ తినకుండా బడికి పరుగెత్తకుండా చూడండి. రాత్రి ఫోను పక్కన పెట్టి కనీసం ఎనిమిది గంటలు నిద్రపోతే, ఏ డబ్బాలోనూ దొరకని మేలు అతనికి జరుగుతుంది.

ప్రశ్న: మా చెల్లి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది, కాలేజీ కబడ్డీ జట్టులో ఆడుతుంది. నాతో పాటు బరువుల వ్యాయామం మొదలుపెట్టింది. పది నిమిషాలకే అలిసిపోయి, కళ్లు తిరుగుతున్నాయని అంటోంది. బరువులు ఆడపిల్లలకు సరిపడవేమోనని అమ్మ అంటోంది.
– ఒక అక్క, ఖమ్మం

జవాబు: ఆడపిల్లలకు బరువులు తప్పక సరిపడతాయి. కబడ్డీలో మోకాలి గాయాలు తగ్గడానికి ఈ బలమే తోడ్పడుతుంది. కానీ మీ చెల్లెలికి ముందుగా కావలసింది రక్తపరీక్ష. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్నప్పుడు శిక్షణ పెంచితే బలం రాదు, అలసటే పెరుగుతుంది. పరీక్షలో లోపం తేలితే వైద్యుడు చెప్పినన్ని నెలలు ఐరన్ మాత్రలు మానకుండా వేసుకోవాలి. టీతో పాటు మాత్ర వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు, కాబట్టి నిమ్మరసంతో వేసుకోమనండి. బరువు తగ్గాలని ఆమె భోజనం మానేస్తోందేమో, నెలసరి తప్పుతోందేమో చెల్లి మీకు చెప్పినంతగా అమ్మకు చెప్పకపోవచ్చు, మీరే మెల్లగా అడగండి. వాటిలో ఏది ఉన్నా స్త్రీ వైద్య నిపుణురాలికి చూపించాలి. ఫలితం వచ్చే వరకు బరువులు, కబడ్డీ సాధన రెండూ పక్కన పెట్టి, సాయంత్రం మీరిద్దరూ కలిసి నెమ్మదిగా నడవండి. కళ్లు తిరిగితే వెంటనే కూర్చోబెట్టండి, ఒంటరిగా పంపవద్దు.