డాక్టర్ సలహా: పుండు నల్లబడింది, నాన్న మగతగా ఉంటున్నారు

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. 15 ఏళ్లుగా షుగర్ ఉంది, ఇన్సులిన్ వాడుతున్నారు. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట సరిగా రాదు. ఇంట్లో చూసుకునే వీలు లేక నాలుగు నెలలుగా విజయవాడ దగ్గర ఒక కేర్ హోంలో ఉంచుతున్నాం. నెల కిందట నడుము కింద ఎర్రగా కమిలిందని చెప్పారు. అప్పటి నుంచి పౌడర్ చల్లుతున్నారు. మధ్యలో ఐదు రోజులు యాంటీబయాటిక్ మాత్రలు కూడా వేశారట. మొన్న ఆదివారం చూస్తే అరచేతిలో సగమంత నల్లబడిపోయింది, వాసన వస్తోంది. ‘మంచంలో ఉండేవాళ్లకి ఇవి మామూలేనమ్మా, ఇక్కడ ఇంకో ముగ్గురికి ఉన్నాయి’ అంటున్నారు. దీనికి మంచి ఆయింట్‌మెంట్ ఏది? వాటర్ బెడ్ కొనాలా, ఎయిర్ బెడ్ కొనాలా? రెండు రోజులుగా సరిగా తినడం లేదు, మగతగా ఉంటున్నారు. ఎండలకేమో అనుకుంటున్నాం.
– ఒక పాఠకురాలు, గుంటూరు

సలహా: పరుపు సంగతి, ఆయింట్‌మెంట్ సంగతి తర్వాత చూద్దాం. తినడం లేదు, మగతగా ఉన్నారు అని చివర్లో రాశారే, నాకు టెన్షన్ అక్కడ. ఇది చదివిన వెంటనే హోంకి ఫోన్ చేసి గ్లూకోమీటర్‌తో షుగర్ చూడమనండి. తిండి తగ్గినా ఇన్సులిన్ పాత డోసులోనే ఇస్తున్నారేమో అడగండి. షుగర్ 70 కంటే తగ్గి ఉంటే మగతకు అదే కారణం కావచ్చు. అలాగని నోట్లో చక్కెర నీళ్లు పోయనివ్వకండి. పక్షవాతం వచ్చి, పైగా మగతలో ఉన్న మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. వెంటనే 108కి చేయండి.

షుగర్ బాగానే ఉందన్నా ఆగొద్దు. ఈ వయసు, షుగర్, వాసన వేస్తున్న నల్లటి పుండు, దానికి తోడు మగత. ఇవన్నీ ఒకే మనిషిలో కనబడితే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందేమోనని ఏ డాక్టరైనా ముందు అనుమానిస్తాడు. సెప్సిస్ అంటాం. జ్వరం లేదు కదా అని ధైర్యపడకండి, పెద్దవాళ్లలో ఒక్కోసారి జ్వరం రాదు సరికదా, ఒళ్లు చల్లబడుతుంది కూడా. ఆయాసంగా ఊపిరి తీస్తున్నా, మూత్రం తగ్గినా ఒక్క గంట కూడా చూడొద్దు. మీరన్నట్టు ఎండలకు ఒంట్లో నీరు తగ్గినా, సోడియం పడిపోయినా, మళ్లీ స్ట్రోక్ వచ్చినా మగత ఉండొచ్చు. మనిషిని చూడకుండా ఇది ఫలానా అని నేనిక్కడ రాయలేను, రాయకూడదు కూడా. అందుకే ఈ రోజే తీసుకెళ్లమంటున్నాను. ఓపీ టోకెన్ కోసం కూర్చోకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి. ప్రైవేటు భారమైతే విజయవాడలోనూ గుంటూరులోనూ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులున్నాయి. మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి. రక్తం పలచబడే మందు ఏదైనా ఇస్తున్నారా, ఆఖరి ఇన్సులిన్ ఎన్ని గంటలకు ఇచ్చారు అన్నది తప్పకుండా చెప్పండి.

ఇక పుండు, అంటే బెడ్‌సోర్ (పడకపుండు). ఆ నల్లటిది చచ్చిపోయిన చర్మం, కండ. కింద ఎంత లోతుందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు, కొందరిలో ఎముక దాకా వెళ్లి ఉంటుంది. చచ్చిన భాగానికి రక్తం అందదు కాబట్టి వేసుకున్న మాత్ర అక్కడిదాకా చేరదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చే ఆయింట్‌మెంట్ ఆ చెక్కును దాటి లోపలికి దిగదు. సర్జన్ ఆ కుళ్లిన భాగాన్ని తీయాల్సి రావచ్చు, లోపలి నుంచి కల్చర్‌కి (ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్షకి) పంపాలి, ఏ యాంటీబయాటిక్ అన్నది దాన్ని బట్టి ఖాయమవుతుంది. హోంలో ఎవరూ దాన్ని కత్తెరతో ముట్టుకోకూడదు.

పౌడర్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి. ఆ మధ్య ఇలాగే ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. గడ్డం గీసి, తల దువ్వి, ఉతికిన లుంగీ కట్టారు. నుదుట విభూతి కూడా ఉంది. ముందు నుంచి చూస్తే ఏ లోటూ లేదు. పక్కకి తిప్పితే దుప్పటి నడుముకి అతుక్కుని లేచింది. సెలైన్ పోసి నానబెడితే గానీ ఊడలేదు. రోజూ చల్లిన పౌడర్ రసితో కలిసి గోడ సున్నంలా పెచ్చు కట్టింది. పెచ్చు ఎత్తగానే కింద నుంచి చీము. కూతురు అక్కడే ఉంది. ‘ప్రతి వారం వెళ్తున్నాను సార్, ఒక్కసారి కూడా వీపు చూడలేదు’ అంది.

పౌడర్ చల్లితే పుండు పొడిగా కనబడుతుంది. మానుతోందని హోం వాళ్లకీ, ఇంట్లో వాళ్లకీ ధైర్యం వస్తుంది, ఆ ధైర్యంతోనే వారాలు గడిచిపోతాయి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే కొత్తగా పుట్టే కండ కూడా దెబ్బతింటుంది. పసుపు, వేపాకు ముద్ద లోతు పుండులో పెట్టనే పెట్టొద్దు. సెలైన్‌తో కడగడం, గాయం తీరును బట్టి డాక్టరు చెప్పిన డ్రెస్సింగ్ కట్టడం, అంతే.

నెల కిందట ఎర్రగా ఉన్నప్పుడే చూపించాల్సింది. మీకు బాధ కలుగుతుందని తెలిసీ అంటున్నాను, ఇది చదివే మిగతా వాళ్లకైనా పనికొస్తుందని. ఎర్రబడిన చోట వేలితో కాసేపు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ రంగు వస్తే ఫర్వాలేదు, ఒత్తిడి తీసేస్తే చాలావరకు సర్దుకుంటుంది. తెల్లబడకుండా అలాగే ఉంటే బెడ్‌సోర్ మొదలైనట్టే. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు తెలియదు, అక్కడ చేత్తో చూడాలి: చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా, లేదా మెత్తగా తగిలితే అదే గుర్తు. దాని మీద మర్దన చేయకండి. వెళ్లిన ప్రతిసారీ నడుము కింద, తుంటి, మడమలు, మోచేతులు, తల వెనక చూడండి. నాన్నగారికి మాట రాదు, నొప్పి అని చెప్పలేరు.

‘మామూలే’ అన్న మాట నేను ఒప్పుకోను. ఎంత బాగా చూసినా కొందరికి, ముఖ్యంగా చివరి దశలో ఉన్నవాళ్లకి, పడకపుండ్లు రావచ్చు, నిజమే. ఒకే హోంలో నలుగురికి ఉన్నాయంటే మాత్రం ఆలోచించాల్సిందే. కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. డైపర్ మార్చి, తుడిచి, తిప్పి, దిండు సర్దడానికి ఒక్కొక్కరికి 8 నిమిషాలు వేసుకున్నా 20 మందికి 160 నిమిషాలు. రెండు గంటలంటే 120. రాత్రి డ్యూటీలో ఒక్క ఆయా ఉంటే ఆమె ఎంత మంచిదైనా చేయలేదు. కాబట్టి ఆయా మీద కోప్పడి లాభం లేదు. రాత్రి ఎంతమంది ఉంటారు, పక్క మార్చిన టైం ఎక్కడ రాస్తున్నారు అని యాజమాన్యాన్ని అడగండి. పరుపు మీద రెక్సిన్ షీటు నేరుగా వేస్తున్నారా చూడండి. మన ఎండలకు దాని మీద ఒళ్లంతా చెమటకు నానిపోతుంది.

పరుపు అడిగారు కదా. గాలి గదులు మారుతూ నిండే ఎయిర్ బెడ్ కొనొచ్చు. నడుము కింద, పరుపు అడుగున అరచెయ్యి పెట్టి చూడండి, ఎముక తగిలితే గాలి చాలనట్టు. కరెంటు పోతే ఏం చేస్తారో ముందే అడగండి. ఏ పరుపు వేసినా పక్క మార్చడం తప్పదు. మడమలు పరుపుకి ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టండి. నడుము కింద పెట్టే గాలి రింగు మాత్రం వద్దు, చుట్టూ రక్తప్రసరణ ఆగిపోతుంది.

తిండి విషయం: జావ ఒక్కటే తాగుతూ ఉంటే పుండు మానదు. గుడ్డు, పప్పు, పెరుగు కావాలి. కిడ్నీ పరీక్షలు చూశాకే ఎంత అన్నది డాక్టరు చెబుతారు. తిండి పంపే ట్యూబ్ అవసరమా అన్నది కూడా వాళ్లే తేలుస్తారు.

హోం మార్చాలా వద్దా అన్నది నాన్నగారు కోలుకున్నాక ఆలోచించుకోవచ్చు. ఆసుపత్రిలో చేర్చి, ఊపిరి పీల్చుకున్నాక ఇంకొక్క పని చేయండి. అక్కడ ఇంకో ముగ్గురికి ఉన్నాయన్నారు కదా, వాళ్ల ఇంటివాళ్లకి తెలుసో లేదో కనుక్కోండి, ఫోన్ నంబర్లు దొరికితే మీరే చెప్పండి. ఎవరూ రానివాళ్లయితే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది, డబ్బులేమీ పడవు.