చీలమండ మాటిమాటికీ మడత పడుతుంటే ఆపరేషన్ తప్పదా?

మెట్లు దిగుతున్నా, చిన్న గుంతలో అడుగు పడినా చీలమండ లోపలికి మడత పడిపోతోంది, ఆపరేషన్ చేయించుకోవాలా అని అడిగారు. చాలామందికి ఆ అవసరం రాదు.

బెణికినప్పుడు ముందుగా తెగేది చీలమండ బయటివైపు గుబ్బ ముందుండే లిగమెంట్, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే నార. అది సాగి వదులుగా అతుక్కుంటే కీలు పట్టు తప్పుతుంది. అయినా మొదట 3 నుంచి 6 నెలలు ఫిజియోథెరపీ మనసుపెట్టి చేయండి. పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం కూడా మంచి సాధనే. పాదం మడత పడబోయే క్షణంలో నిలబెట్టేవి కండరాలే కదా! ఎంఆర్‌ఐలో తెగినట్టు రాశారని మాత్రమే ఆపరేషన్‌కి ఒప్పుకోకండి.

అప్పటికీ తగ్గకపోతే ఎక్కువగా చేసేది బ్రోస్ట్రమ్ పద్ధతి. స్వీడన్ సర్జన్ లెన్నార్ట్ బ్రోస్ట్రమ్ 1966లో దీన్ని వివరించారు. వదులైన నవారు మంచాన్ని బిగించినట్టు, సాగిన లిగమెంట్‌ను పొట్టి చేసి, ఇప్పుడైతే యాంకర్లతో (ఎముకలో దించే చిన్న మేకుల్లాంటివి), ఎముకకు కుట్టేస్తారు. పక్కనున్న పట్టీలాంటి పొరను కూడా పైన కలిపి కుట్టడం 1980లో గౌల్డ్ అనే సర్జన్ చేర్చిన మార్పు. లిగమెంట్ మరీ పలచబడినా, ఒంట్లో కీళ్లన్నీ వదులుగా ఉండే తత్వమైనా టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటిది) తెచ్చి వేయాల్సి రావచ్చు.

తర్వాత సుమారు 2 వారాలు కట్టు, 6 వారాల దాకా చీలమండను కదలకుండా పట్టి ఉంచే ప్రత్యేక బూటు. ఆటలకు 3, 4 నెలలైనా పడుతుంది. కొందరికి పాదం పైభాగం మొద్దుబారుతుంది.

మడమ లోపలికి వంగి ఉందేమో డాక్టర్‌ను తప్పకుండా అడగండి. ఆ వంకర వదిలేసి లిగమెంట్ ఒక్కటే కుడితే మళ్లీ సాగిపోవచ్చు.