ఆస్కాట్‌లో తల తేడాతో గెలిచిన బ్లాక్ కేవియర్ నిజంగా అంత గొప్ప గుర్రమా?

"ఈ ఆస్ట్రేలియా పందెం గుర్రం 25 పందేలకు 25 గెలిచింది, సరే. ఇంగ్లండ్‌లో మాత్రం చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు గెలిచింది కదా?" అని అడిగారు. ఆ గుర్రాన్ని మరో పందెంలో కళ్ళారా చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, నా దృష్టిలో దాని గొప్పతనం కనబడేది ఆ పందెంలోనే.

2012 జూన్ 23, ఇంగ్లండ్‌లోని రాయల్ ఆస్కాట్ పోటీలు, డైమండ్ జూబిలీ స్టేక్స్ అనే పందెం. గుర్రానికి ఒళ్ళంతా బిగుతుగా పట్టే సూటు తొడిగి, మెల్‌బోర్న్ నుంచి విమానంలో అంత దూరం తీసుకెళ్ళారు. ఇంకో 50 మీటర్లు ఉందనగా జాకీ లూక్ నోలెన్ గెలిచేశామనుకుని తోలడం ఆపేశాడు. పక్కనుంచి మూన్‌లైట్ క్లౌడ్ అనే గుర్రం దూసుకొచ్చింది. తప్పు తనదేనని నోలెన్ తర్వాత ఒప్పుకున్నాడు. అసలు సంగతి పందెం అయ్యాక తెలిసింది: బ్లాక్ కేవియర్‌కి వెనక తొడ కండరం చిరిగింది. ఆ గాయంతోనే గెలిచింది!

ఇక తిరిగి పరిగెత్తుతుందా అని అందరికీ టెన్షన్. నేను అప్పుడు మెల్‌బోర్న్‌లో ఉండేవాణ్ణి. ఎనిమిది నెలల తర్వాత, 2013 ఫిబ్రవరి 16న అక్కడి ఫ్లెమింగ్టన్ రేస్‌కోర్సులో లైట్నింగ్ స్టేక్స్ పందేనికి దిగుతోందంటే పొద్దున్నే వెళ్ళి కంచె పట్టుకుని నిలబడ్డా. నా పక్కన ఒక పెద్దావిడ నల్లచుక్కల సాల్మన్ రంగు స్కార్ఫ్ కట్టుకుంది, అవి దాని జాకీ వేసుకునే రంగులే. గుర్రం మా ముందు నుంచి నడిచి వెళ్తుంటే ఆమె "నెల్లీ, నెల్లీ" అని మెల్లగా పిలిచింది. అది దాని ముద్దుపేరు. ఆడగుర్రమే కానీ ఎంత భారీ మనిషో! అడుగు వేసినప్పుడల్లా వెనక తొడల్లో కండ అలలా కదిలేది.

మలక్‌పేటలో చిన్నప్పుడు నేను చూసినవి మలుపు తిరిగే పందేలు. ఇక్కడ 1000 మీటర్లూ తిన్నగానే. మొదట దూరంగా చుక్కలే కనిపించాయి, తర్వాత నేల అదిరింది, అంతలోనే అయిపోయింది. 55.42 సెకన్లు. 1988 నుంచి ఉన్న ట్రాక్ రికార్డు పోయింది.

ఆ ఏప్రిల్‌లో సిడ్నీలోని రాండ్విక్‌లో 25వది గెలిచి రిటైరయింది. మొత్తం 15 గ్రూప్ 1 (అత్యున్నత స్థాయి పందేలు) విజయాలు. 2024 ఆగస్టు 17న, 18వ పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు చనిపోయింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఆస్కాట్ వీడియో ఇంకోసారి చూడండి. ఈసారి జాకీని కాదు, చివరి అంగల్లో దాని మెడను చూడండి.