ఏఐ వచ్చేస్తుంటే కంటి స్కానింగ్ చదువు ఎందుకంటారా?

ప్రశ్న: మా అమ్మాయికి ఫిజిక్స్, బయాలజీ రెండూ ఇష్టం. షుగర్ వల్ల చూపు మందగించిన వాళ్ల తాతయ్యకు తోడుగా కంటి ఆసుపత్రికి వెళ్లి, అక్కడి స్కానింగ్ మెషిన్లు చూసినప్పటి నుంచి ఆ రంగంలోకే వెళ్తానంటోంది. ఇంట్లో వాళ్లేమో ఇకముందు ఫొటో తీసేదీ చూసేదీ అంతా ఏఐయే, ఆ చదువు దండగ అంటున్నారు. ఆరు నెలల్లో మెషిన్ ఆపరేటింగ్ నేర్పిస్తామనే కోర్సు ఒకటి కనిపించింది. చేర్పించమంటారా?

జవాబు: ఆ కోర్సు సంగతి ముందే చెప్పేస్తానమ్మా, ఇప్పుడు వద్దు. మెషిన్ ఒక్కటే నేర్చుకుంటే ఆ మెషిన్ పాతబడగానే నేర్చుకున్నదీ పాతబడుతుంది. మీ అమ్మాయి చూసింది బహుశా ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ), అంటే కాంతితో కంటి లోపలి పొరలను బొమ్మ తీసే మెషిన్ అయ్యుంటుంది. దాన్ని 1991లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీకి చెందిన ఫుజిమోటో, హువాంగ్, స్వాన్సన్, వాళ్ల సహచరులు ప్రపంచానికి చూపించారు. తొలి తరం మెషిన్లు సెకనుకు కొన్ని వందల చోట్ల మాత్రమే కంటి లోతు కొలిచేవి, ఇప్పుడు లక్ష దాటినవీ ఉన్నాయి. స్క్రీన్లు, సాఫ్ట్‌వేర్ ఎన్నోసార్లు మారాయి. మారనిది లోపలి ఫిజిక్స్: కంట్లోకి పంపిన కాంతి ఏ పొర నుంచి ఎంత తిరిగొచ్చిందో, మెషిన్‌లోని అద్దం మీద పడి తిరిగొచ్చిన కాంతితో కలిపి చూసి లెక్కకట్టడం. రెటీనా (కంటి వెనక కాంతిని పట్టే పొర) మధ్యభాగం మందం దాదాపు పావు మిల్లీమీటరు, అందులోని పొరలను సుమారు 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తేడాతో విడదీసి చూపిస్తుంది. సూది లేదు, నొప్పి లేదు. ఫిజిక్స్, బయాలజీ రెండూ ఇష్టమన్న పిల్లకు ఇంతకంటే సరిపోయే చోటు నాకైతే తట్టడం లేదు.

ఇక ఏఐ. ఇంట్లో వాళ్లు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది, కాదనను. 2018 ఏప్రిల్‌లోనే మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఐడీఎక్స్-డీఆర్ అనే సాఫ్ట్‌వేర్‌కు అనుమతి ఇచ్చింది, అది డాక్టర్ చూడకుండానే ఫొటోను బట్టి షుగర్ వల్ల రెటీనా దెబ్బతిందో లేదో చెబుతుంది. కానీ అది చెప్పేది ఒక్క జబ్బు గురించే, అదీ కంటి డాక్టర్ దగ్గరకు పంపాలా, ఏడాది తర్వాత మళ్లీ చూడాలా అన్నంత వరకే. ఫొటో బాగా రాకపోతే చూడలేనంటుంది. అప్పుడు మళ్లీ తీయాల్సింది మనిషే. ఇంకో మాట, దాన్ని తయారు చేసిన మైకేల్ అబ్రామాఫ్ స్వయంగా కంటి డాక్టరు, కంప్యూటర్ కూడా చదివినవాడు.

స్కాన్ గదిలో కాసేపు కూర్చుంటే అసలు విషయం అర్థమవుతుంది. ఒక పెద్దాయన గడ్డం స్టాండ్ మీద పెట్టారు, నుదురు మాత్రం పట్టీకి ఆనలేదు, కన్ను పొడిబారి ఉంది, చూడమన్న చుక్కను చూడకుండా పక్కకు చూస్తున్నారు. స్కాన్ ఎంత బాగా వచ్చిందో చెప్పే సిగ్నల్ 10కి 4 చూపిస్తోంది. బటన్ నొక్కడం మాత్రమే వచ్చినవాళ్లు అలాగే స్కాన్ తీసి ప్రింట్ ఇచ్చేస్తారు. పని తెలిసినవాళ్లు "ఒకసారి రెప్పలు బాగా ఆర్పండి పెద్దాయనా" అని, అవసరమైతే కన్ను తడిబారే చుక్కలు వేసి, తల సర్ది మళ్లీ తీస్తారు. సిగ్నల్ 7కి వస్తుంది. ఆ మాత్రానికేనా అనిపిస్తుంది గానీ, సిగ్నల్ తక్కువైతే పొరల హద్దులు గుర్తించే గీత పక్కకు జారిపోతుంది, నరాల పొర పలచబడినట్టు రిపోర్టులో ఎరుపు రంగు వస్తుంది, లేని గ్లకోమాకు (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది. మైనస్ పవర్ బాగా ఎక్కువున్నవాళ్లకైతే స్కాన్ బాగా వచ్చినా ఎరుపు రావచ్చు, ఎందుకంటే మెషిన్ పోల్చి చూసే మామూలు కళ్ల లెక్కల్లో అలాంటి కళ్లు సరిగా ఇమడవు. దీనికి డాక్టర్లు రెడ్ డిసీజ్ అని పేరు కూడా పెట్టుకున్నారు. జబ్బు కంట్లో లేదు, కాగితం మీదే ఉంది! రిపోర్టు ఎప్పుడు అబద్ధం చెబుతోందో పసిగట్టగలిగినవాళ్లకు ఈ రంగంలో పని దొరక్కపోవడం ఉండదని నా నమ్మకం.

వైద్యం కూడా ఈ బొమ్మల మీదే నడుస్తోంది. షుగర్ వల్ల రెటీనా మధ్యలో నీరు చేరితే ఓసీటీలో నల్లటి గుంటల్లా కనిపిస్తుంది, కంట్లో ఇంజెక్షన్ ఇప్పుడివ్వాలా, ఇంకొన్నాళ్లు ఆగవచ్చా అనేది తేల్చేటప్పుడు డాక్టరు చూసేవాటిలో ముఖ్యమైనది గత స్కాన్‌కూ ఇప్పటిదానికీ ఉన్న తేడా. రెండుసార్లూ రెటీనాలో ఒకే చోట తీయకపోతే ఆ పోలికకు అర్థం ఉండదు. శుక్లం ఆపరేషన్‌కు ముందు కంటి పొడవు కొలుస్తారు, అక్కడ ఒక మిల్లీమీటరు తప్పితే పెట్టే లెన్స్ పవర్ రెండున్నర నుంచి మూడు దాకా తేడా వస్తుంది.

కొత్తది వచ్చిందని పాతదంతా మూలన పడదు. చేతి నరంలోకి రంగు మందు ఎక్కించి రెటీనా రక్తనాళాలను ఫొటో తీసే ఆంజియోగ్రఫీని 1961లో నొవాట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు మెడిసిన్ విద్యార్థులు ప్రచురించారు (విద్యార్థులు, గమనించండి). ఇప్పుడు రంగు మందు లేకుండానే రక్త ప్రవాహాన్ని చూపే ఓసీటీ ఆంజియోగ్రఫీ వచ్చింది, కానీ నాళాల నుంచి ఎక్కడ కారుతోందో అది చూపలేదు, అందుకే పాత పరీక్ష ఇంకా బతికే ఉంది. ఆ మందుకు కొందరికి వికారం వస్తుంది, అరుదుగా తీవ్రమైన అలర్జీ వస్తుంది, అలాంటప్పుడు గదిలో ఉన్న మనిషికి ఏం చేయాలో తెలిసుండాలి. శుక్లం బాగా ముదిరి కాంతి లోపలికి పోకపోతే అల్ట్రాసౌండే గతి, అందులో బొమ్మ నాణ్యత చాలావరకు ప్రోబ్ (కంటికి ఆనించే పరికరం) పట్టుకున్న చేతిలో ఉంటుంది.

సరే, ఏం చదవాలి? అమ్మాయిని ఒక ప్రశ్న అడగండి: నీకు నచ్చింది ఆ కుర్చీలో కూర్చున్న మనుషులా, ఎదురుగా ఉన్న మెషినా? మనుషులైతే ఆప్టోమెట్రీ (కంటి చూపు పరీక్షల చదువు) డిగ్రీ మంచి పునాది, తర్వాత ఇమేజింగ్‌లో ప్రత్యేక శిక్షణ తీసుకోవచ్చు, కొత్త మందుల ట్రయల్స్‌లో వచ్చే స్కాన్లను పరిశీలించే రీడింగ్ సెంటర్లలో కూడా పని ఉంటుంది. జబ్బు తేల్చి వైద్యం కూడా తానే చేయాలనుకుంటే మెడిసిన్, అది చాలా ఏళ్ల దారి, ఓపిక ఉంటేనే. మెషినే నచ్చితే ఫిజిక్స్‌లో ఆప్టిక్స్ (కాంతి శాస్త్రం), లేదా బయోమెడికల్ ఇంజినీరింగ్, లేదా కంప్యూటర్స్. రెటీనాలో చాలా భాగాన్ని ఒకే ఫొటోలో చూపే ఆప్టోస్ కంపెనీని పెట్టిన డగ్లస్ ఆండర్సన్ ఇంజినీరు, కన్న కొడుక్కి రెటీనా ఊడిన సంగతి ఆలస్యంగా బయటపడి ఒక కన్ను పోవడంతో ఆ పనికి పూనుకున్నాడు. ఓసీటీ బృందంలోని హువాంగ్ అప్పటికి మెడిసిన్, పీహెచ్‌డీ కలిపి చదువుతున్న విద్యార్థి, 2023లో ఫుజిమోటో, హువాంగ్, స్వాన్సన్ ముగ్గురికీ వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు వచ్చింది. అందుకే ఏ దారి ఎంచుకున్నా లెక్కలు మాత్రం వదలనివ్వకండి, కాస్త ప్రోగ్రామింగ్ కూడా నేర్చుకుంటే ఏఐ చేసే తప్పును పట్టుకునే వైపు ఉంటుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బ్రోషర్‌లోని మెషిన్ల ఫొటోలు పట్టించుకోకండి. విద్యార్థులు ఆసుపత్రిలో నిజమైన పేషెంట్లతో ఎన్ని గంటలు పనిచేస్తారు, తీసిన స్కాన్ బాగాలేనప్పుడు ఎందుకు బాగాలేదో పక్కన కూర్చుని చెప్పేవాళ్లు ఉన్నారా, ఆ డిగ్రీకి లైసెన్స్ ఇచ్చే సంస్థ గుర్తింపు ఉందా, ఈ మూడూ అడగండి, వీలైతే చివరి ఏడాది విద్యార్థులనే పట్టుకుని అడగండి.