దిరిసెన, శిరీషం, నిద్రగన్నేరు

సందేహం: కావ్యాల్లో దిరిసెనపూవుతో మేని మెత్తదనాన్ని పోలుస్తారు. నిఘంటువు దిరిసెన అంటే శిరీషం అంటోంది. నిద్రగన్నేరే దిరిసెన అని కొందరి మాట. మా అమ్మాయి పేరు శిరీష. అది శ్రీ + ఈశ అని ఒకరు చెప్పారు. ఏది సరి? దిరిసెన అని రాయాలా, దిరిశెన అనా?

సమాధానం: శ్రీ, ఈశ కలిస్తే సవర్ణదీర్ఘం వచ్చి ‘శ్రీశ’ అవుతుంది. అది విష్ణువు పేరు. దాని చివర ఉన్నది తాలవ్య శకారం. శిరీషలో ఉన్నది మూర్ధన్య షకారం. ఈ రెంటినీ ఒకే తీరుగా పలకడం అలవాటైపోబట్టే ఇలాంటి వ్యుత్పత్తులు పుట్టుకొస్తున్నాయి. పేరు పెట్టేముందు నిఘంటువు ఒక్కసారి తిరగేస్తే ఏం పోతుంది? సంస్కృతంలో చెట్టు ‘శిరీషః’, పూవు ‘శిరీషం’. ఆడపిల్ల పేరుగా దాన్ని స్త్రీలింగం చేసుకున్నాం. అందులో నాకు అభ్యంతరం లేదు, పూవు పేరని తెలిసి పెట్టుకుంటే చాలు.

శిరీషానికి తద్భవం దిరిసెన. మాట మొదటి శకారం తెలుగులో మామూలుగా సకారమవుతుంది: శంఖం సంకు, శుంఠి సొంఠి, శ్రీ సిరి. ఇక్కడ మాత్రం దకారం వచ్చింది. ఒకే మాటలో రెండు ఊష్మాలు (శ, ష, స, హ వంటి అక్షరాలు) ఉండడంతో మొదటిది మారిందని నా అభిప్రాయం.

ఇక ఆ మెత్తదనం సంగతి. దాన్ని కాళిదాసు చూసినంత దగ్గరగా చూసినవారు అరుదు. కుమారసంభవం అయిదో సర్గలో తపస్సుకు బయలుదేరిన పార్వతిని తల్లి మేన వారిస్తుంది: ‘పదం సహేత భ్రమరస్య పేలవం శిరీషపుష్పం న పునః పతత్రిణః’. శిరీషపుష్పం తుమ్మెద కాలు మోపితే ఓర్చుకుంటుంది గాని పక్షి వాలితే ఓర్చుకోలేదు. ఇది ఊరికే చేసిన అతిశయోక్తి కాదు. దిరిసెనలో మనం పూవు అనుకునేది నిజానికి ఒకే కాడ చివర గుత్తిగా చేరిన అనేక చిన్నపూలు. ఒక్కొక్క పూవు రేకులు గొట్టంలా కలిసిపోయి కంటికి ఆననంత చిన్నవిగా ఉంటాయి. వాటిలోంచి అంగుళం దాకా పొడవైన కేసరాలు పట్టుదారాల్లా పైకి లేస్తాయి. తుమ్మెద కాలు మోపేది ఆ దారాల మీదే.

అందుకే కాళిదాసు రేకుల ఊసు ఎత్తడు, కేసరాలనే పట్టుకుంటాడు. శాకుంతల నాటకం మొదట వచ్చే ప్రస్తావనలో నటి పాడే గ్రీష్మగీతంలో శిరీషాలు ‘సుకుమారకేసరశిఖాని’. ఆరో అంకంలో దుష్యంతుడు తాను గీసిన శకుంతల చిత్రంలో ఇంకా గీయనిది తలచుకుంటాడు: చెవిన తొడిమ దోపిన శిరీషం, ‘ఆగండవిలంబికేసరం’, అంటే చెక్కిలి దాకా కేసరాలు వేలాడేది. ప్రియురాలి బొమ్మలో ఆ కేసరాలు లేకపోతే వెలితిగా తోచిందంటే, ఆ పూవు కవి మనసులో ఎంత స్పష్టంగా ఉందో చూడండి. మేఘసందేశంలోనూ అలకాపురి స్త్రీల చెవిన ఉన్నది శిరీషమే. ఆరు ఋతువుల పూలలో వేసవి వంతు దానిది. నేటి కవితల్లో ‘శిరీష రేకుల మెత్తదనం’ అని కనబడినప్పుడల్లా బాధ కలుగుతుంది. చెట్టు కిందికి వెళ్లి పూవును ఒక్కసారి చేతిలోకి తీసుకుంటే ఆ మాట రాయరు.

నిద్రగన్నేరు వేరు. అది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చిన చెట్టు; కాళిదాసు చూసే అవకాశమే లేదు. పోల్చుకోవడం కష్టం కాదు. నిద్రగన్నేరు పూవు గులాబిరంగు కుచ్చు. దిరిసెన పూవు లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు, మంచి వాసన, వాడేకొద్దీ పసుపు తిరుగుతుంది. పూలు లేని రోజుల్లో కాయ చూడండి. దిరిసెన కాయ జానెడు పొడవున పలచగా, బల్లపరుపుగా, ఎండుగడ్డి రంగులో ఉండి, ఆకు రాలిన కొమ్మల మీద గాలికి గలగలమంటుంది. నిద్రగన్నేరు కాయ దళసరి, నలుపు తిరిగినది, లోపల తియ్యని జిగట గుజ్జు. ఆకులు ముడుచుకోవడాన్ని మాత్రం గుర్తుగా పెట్టుకోవద్దు, రెండూ రాత్రిపూట ముడుస్తాయి. గందరగోళం అక్కడే పుట్టి ఉండాలి. కాబట్టి వాడుకలో ఎవరైనా దిరిసెనను నిద్రగన్నేరు అంటే నేను గట్టిగా తప్పుపట్టను. కావ్యవ్యాఖ్యలో రాస్తే మాత్రం ఒప్పుకోను.

సంస్కృత నిఘంటువైన అమరకోశంలో శిరీషానికి కపీతనం, భండిలం అన్నవి పర్యాయాలు. కపీతనం అంబాళానికీ గంగరావికీ కూడా చెల్లుతుంది కనుక సందర్భం చూసుకోవాలి. ఆయుర్వేదాచార్యుడు చరకుడు విషహరాలలో శిరీషాన్ని శ్రేష్ఠమన్నాడు. అంతమాత్రాన పాము కరిచినవారిని ఈ చెట్టు దగ్గరికి కాదు, ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

రాతలో దిరిసెన, దిరిసెనము రెండూ సరైనవే. అచ్చతెనుగు వర్ణాలలో శకారం లేదు గనుక పద్యంలో దిరిశెన వద్దు. ఇకార ఎకారాల ముందు సకారం నోట శకారంగా పలకడం సహజమే, మాటల్లో దాన్ని దిద్దబోకండి.